తాగి చూపించే గ్లాసు

జూన్ 20, సోమవారం

భార్గవ్ పాత నోట్సులో వెనక సగం తెల్లగానే ఉంది. ముందు సగమంతా జావా. మూడు నెలలు క్లాసుకి పోయి, తన వల్ల కాదని తేల్చుకుని, ఇప్పుడు టెస్టింగ్ టూల్స్‌లో చేరాడు నా పుత్రరత్నం. కాగితం పారేయడం నాకు ఇష్టం ఉండదు. ఈ సగంలో నేను రాసుకుంటాను. వాడు ఆ జావా మొహం మళ్ళీ చూడడు, కాబట్టి నా రాతలూ చూడడు.

అమీర్‌పేటలో కామెర్లు. పదిహేను రోజుల్లో నలభై మూడు మంది, దాదాపు అందరూ కంప్యూటర్ కోర్సులకొచ్చి హాస్టళ్ళలో ఉండే పిల్లలే. ఇంటర్నెట్ కేబుళ్ళ కోసం సందులన్నీ తవ్విపోశారు. ఎక్కడో మంచినీళ్ళ పైపులో మురుగు కలుస్తోందని అనుమానం. పంజాగుట్టలో మా హెల్త్ పోస్టు డాక్టరు హనుమత్ప్రసాద్ గారు పొద్దున్నే మీటింగు పెట్టారు.

“ఈ కామెర్లకి మందు లేదు కుసుమకుమారి గారూ. నీళ్ళు జాగ్రత్తగా తాగమని చెప్పడమే మందు. అంటే మీరే మందు,” అన్నారు.

పొంగిపోయాను, దాచుకోవడం ఎందుకు. ఇరవై రెండేళ్ళుగా హెల్త్ ఎడ్యుకేటర్‌ని. చుట్టాలకి నేను ఇప్పటికీ నర్సునే. పెళ్ళిళ్ళలో బీపీ చూడమని చెయ్యి చాపుతారు. రోగం వచ్చాక వెళ్ళేవాళ్ళు డాక్టర్లు, రాకముందు వెళ్ళేదాన్ని నేను అని ఎంత చెప్పినా ఎవరి బుర్రకీ ఎక్కదు. ఈసారి ఎక్కిస్తాను.

జూన్ 22

నాకు సాయంగా ఒక వలంటీరును ఇచ్చారు. పేరు రబియా. ఇరవై మూడేళ్ళుంటాయి. ఎల్లారెడ్డిగూడ బస్తీలో ఇల్లు. ఉర్దూ మీడియంలో పదో తరగతి చదివింది. తెలుగు చదవడం రాదు కానీ మాట్లాడటం నాకంటే ధారాళం. భర్త ఇస్హాక్ మైత్రీవనం దగ్గర జిరాక్స్ షాపులో పని చేస్తాడు. అమీర్‌పేటలో దొరికే చదువులో సగం అతని మెషీన్‌లోంచే బయటికొస్తుందట.

“అయిదు నెలలు నిండినయ్ అమ్మా,” అంది మెల్లగా. “ఎవ్వరికి చెప్పకుండ్రి. మా అత్తకు నజర్ తగుల్తదని మస్తు ఫికర్.”

వదులు బురఖాలో తెలియడం లేదు. దిష్టి భయం మాకూ ఉంది, చెప్పనులే అన్నాను.

నా పద్ధతి నేర్పాను. బిందెడు నీళ్ళలో క్లోరిన్ చుక్కలు వేయాలి. అరగంట మూత పెట్టి ఉంచాలి. తర్వాత చిన్న గాజు గొట్టంలో కాసిని నీళ్ళు పట్టి పరీక్ష మందు వేయాలి. పసుపు రంగు వస్తే నీళ్ళలో క్లోరిన్ ఉన్నట్టు. ఆ గొట్టం నీళ్ళు పారబోసి, బిందెలోంచి గ్లాసుతో ముంచి, అందరి ముందూ మనమే తాగి చూపించాలి. అసలు కిటుకు అక్కడే ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో తుఫాను తర్వాత కోనసీమలో కలరా వస్తే, ఒక పెద్దాయన నా ఉపన్యాసమంతా విని, “ముందు నువ్వు తాగమ్మా, చూద్దాం,” అన్నాడు. తాగాను. ఊరు ఊరంతా తాగింది. అప్పటినుంచీ నా పేరు చెక్కించిన స్టీలు గ్లాసు నా సంచీలోనే ఉంటుంది.

నేను చెప్పిందంతా రబియాతో తిరిగి చెప్పించాను. ఒక్క మాట పోకుండా చెప్పింది. ఇంతటి విద్యార్థిని నాకు ఇంతవరకు దొరకలేదు. ఇంట్లో ఉన్నవాడి సంగతి ఎత్తకపోవడమే మంచిది.

జూన్ 24

కరపత్రం రాశాను. ఏడు లైన్లు. సిబ్బందికి పంపిన పుస్తకంలో చూసి ఏడోది ఇలా రాశాను: “ఈ కామెర్లు గర్భిణులకు, ముఖ్యంగా ఆరో నెల దాటినవారికి, ప్రాణం మీదికి తేవచ్చు.” డాక్టరు గారు ఆ లైను దగ్గర ఆగి పెన్నుతో కొట్టేశారు.

“హాస్టళ్ళలో గర్భిణులెవరున్నారండీ? ఈ ఒక్క లైను పట్టుకుని ఊరంతా గోల చేస్తారు.”

నిజమే కదా. హాస్టళ్ళలో గర్భిణులెవరున్నారు? ఆరు లైన్లయితే గుర్తుంటాయి కూడా. ఇస్హాక్ షాపులోనే రెండు వేల కాపీలు తీయించాం.

జూన్ 27

మొదటి మీటింగు, సాయిలు హాస్టల్లో. సాయిలు అక్కడ మేనేజరు. నాలుగు అంతస్తులు, గదికి ఆరు మంచాలు, మంచానికో సూట్‌కేసు, గోడకి సరస్వతీదేవి పక్కనే అమెరికా వీసా ఫారాల నమూనా.

చుక్కలు వేసి మూత పెట్టగానే పిల్లలు వాచీలు చూసుకోవడం మొదలుపెట్టారు.

“అమ్మా, అరగంటంటె ఒక్కడు ఉండడు,” అన్నాడు సాయిలు. “ఏడున్నరకు బ్యాచ్ ఉంటది అందరికి. జర జల్ది కానియ్యండ్రి.”

అయిదు నిమిషాలు చూసి మూత తీశాను. పసుపు చక్కగా వచ్చింది. నేను సగం గ్లాసు తాగాను, రబియా సగం తాగింది. చప్పట్లు కొట్టారు. కరపత్రంలో అరగంట అని ఉందిగా, ఇంటి దగ్గర వాళ్ళే ఉంచుకుంటారు. మన పని నమ్మకం కలిగించడం.

జూలై 1

అయిదు రోజుల్లో పదకొండు హాస్టళ్ళు. గొంతు పోయింది కానీ మనసు నిండుగా ఉంది.

జూలై 6, బుధవారం

డాక్టరు గారు గదిలోకి పిలిచి తలుపు వేశారు. ల్యాబు రిపోర్టు చేతికిచ్చారు. తొమ్మిది శాంపిళ్ళు పంపితే ఆరు “తాగుటకు పనికిరావు” అని వచ్చాయి. అందులో రెండు మన మీటింగుల్లో పట్టినవి. చుక్కలు వేసి, పసుపు వచ్చి, మేం తాగిన నీళ్ళు. పైపులో మురుగు అంతలా కలిస్తే అయిదు నిమిషాల క్లోరిన్ ఏ మూలకీ చాలదట.

“మళ్ళీ శాంపిళ్ళు పంపాం. పైపు చూడమని రాశాం. రెండో రిపోర్టు వచ్చేదాకా ఇది ఈ గది దాటకూడదు. తెలిసిందంటే హాస్టళ్ళు రాత్రికి రాత్రి ఖాళీ అవుతాయి, రోగాన్ని ఊరూరా మోసుకుపోతారు. మీ మీటింగులు మాత్రం ఆపకండి. ఆపితే అనుమానం వస్తుంది.”

“మరి తాగి చూపించడం?” అని అడిగాను.

“అది మీ పద్ధతి కదా. మీ ఇష్టం,” అన్నారు.

ఇంటికొచ్చి అద్దంలో కళ్ళు చూసుకున్నాను. తెల్లగానే ఉన్నాయి.

జూలై 7

గొంతు మంట. క్లోరిన్ వాసన పడటం లేదు. బల్కంపేట వైపు రెండు మీటింగులు. రెండు చోట్లా రబియా తాగింది.

“మీరు ఊకె మాట్లాడండ్రి అమ్మా, తాగేటందుకు నేను లేనా?” అంది నవ్వుతూ.

బంగారు తల్లి.

జూలై 8

ఇంట్లో నీళ్ళు మరిగించి, చల్లార్చి, మళ్ళీ మరిగించాను. భార్గవ్ వంటింటి గుమ్మంలో నిలబడి చూశాడు.

“ఏంటమ్మా ఇది? చుక్కలు చాలని ఊరంతా చెప్తున్నావుగా?”

“మన కుళాయి వేరు,” అన్నాను.

వేరేం కాదు. కానీ నాకేమైనా అయితే వాడికెవరున్నారు? వాళ్ళ నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. రెండు పూటలా వండిపెట్టేదాన్ని నేనొక్కదాన్నే. ఉద్యోగం వచ్చేదాకా నేను మంచం ఎక్కడానికి వీల్లేదు.

జూలై 12

కళ్ళు తెల్లగానే ఉన్నాయి. గొంతు ఇంకా తగ్గలేదు. రబియా తాగుతోంది.

జూలై 15

నాలుగు మీటింగులు. ఇప్పుడు జనం నాకోసం కాదు, రబియాకోసం వస్తున్నారు. టిఫిన్ సెంటరు వాళ్ళకి దక్కనీలో, హాస్టలు పిల్లలకి తెలుగులో, గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. చివర్న గ్లాసు ఎత్తి, “చూడుండ్రి, నేను తాగుతున్న. నాకేమైతది?” అని గటగటా తాగేస్తుంది. గ్లాసు బోర్లించి ఒక్క చుక్క కూడా లేదని చూపిస్తుంది. అది నేను నేర్పింది కాదు, తనే కనిపెట్టింది.

ఒక హాస్టల్లో వివేక్ అని నెల్లూరు పిల్లవాడు లేచి, “మేడమ్, కరపత్రంలో అరగంట ఆగమని ఉంది. మీరు అయిదు నిమిషాలకే ఇచ్చేశారేంటి?” అన్నాడు.

“నీది టెస్టింగ్ కోర్సా నాయనా? అన్నిట్లో తప్పులే వెతుకుతున్నావు,” అన్నాను. గది గదంతా గొల్లుమంది. వివేక్ ముడుచుకుని కూర్చున్నాడు.

నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. రబియా అప్పటికే గ్లాసు బోర్లించేసింది.

జూలై 19

రబియాకి ఆరో నెల దాటింది. ఇవాళ చెప్పింది. లెక్క నాకు తెలుసు, నేనే మరిచిపోవాలని చూస్తున్నాను.

మైత్రీవనం వెనక హాస్టల్లో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్క క్షణం ఆగింది. “అమ్మా, గీ నీళ్ళు జర వాసనొస్తున్నయ్,” అంది నాకు మాత్రమే వినపడేట్టు. అరవై మంది చూస్తున్నారు. అందరి ముందూ గ్లాసు కింద పెడితే ఇరవై రోజుల పని నీళ్ళపాలు. “క్లోరిన్ వాసనే,” అన్నాను. తాగేసింది.

రేపటినుంచి రబియాని వద్దంటాను.

జూలై 20

వద్దంటే ఎందుకని అడుగుతుంది. రిపోర్టు సంగతి చెప్పాలి. ఏడో లైను సంగతి చెప్పాలి. ఎప్పటినుంచి తెలుసు అని అడుగుతుంది. రేపు చెప్తాను.

జూలై 21

రేపు.

జూలై 25

ఒక ఆలోచన వచ్చింది. ఇంటినుంచి మరిగించిన నీళ్ళు సీసాలో తీసుకెళ్ళి, బిందెలోంచి ముంచినట్టే ముంచి, రబియా గ్లాసులో ఆ నీళ్ళే పోస్తే? పొద్దున సీసా నింపాను కూడా. తీరా గుమ్మం దాటేముందు మనసొప్పలేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో జనాన్ని ఒక్కసారి కూడా మోసం చేయలేదు. ఇప్పుడు మొదలుపెట్టనా?

ఆ నీళ్ళు భార్గవ్ సంచీలో పెట్టి పంపాను. మూడు మీటింగులు. రబియా తాగింది.

ఆగస్టు 2

రెండో రిపోర్టు కూడా అదే. కానీ పగిలిన చోటు దొరికింది, నిన్న పైపు మార్చారు. కొత్త కేసులు వారంగా తగ్గుతూనే ఉన్నాయి. డాక్టరు గారు స్వీటు పెట్టించారు.

“చూశారా, కంగారు పడకుండా దాటేశాం. పంద్రాగస్టుకి మీ పేరు పంపిస్తున్నాను.”

దాటేశాం. నా కళ్ళు తెల్లగానే ఉన్నాయి. రబియా కూడా నిక్షేపంగా ఉంది. స్వీటు రెండుసార్లు అడిగి తింది. ఇన్నాళ్ళూ ఊరికే భయపడ్డాను. పుస్తకాల్లో రాసేవన్నీ అందరికీ జరగవు కదా. ఈ రాత్రి నెలరోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

అయినా సిబ్బంది పుస్తకం తీసి చూశాను. ఒంట్లో చేరాక బయటపడటానికి రెండు వారాలనుంచి రెండు నెలలు పట్టొచ్చు అని ఉంది. పుస్తకం బీరువాలో చీరల కింద పెట్టాను.

ఆగస్టు 9

రబియా తిండి ముట్టడం లేదు. బిర్యానీ వాసనకే వాంతి వస్తోందట. ఏడో నెల, మామూలే. నాకు భార్గవ్ కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెలదాకా ఇంగువ పడేది కాదు.

ఆగస్టు 12, శుక్రవారం

రబియా కళ్ళు పచ్చగా కనిపించాయి. బురఖా నలుపు పక్కన ట్యూబులైటు వెలుగులో ఎవరి కళ్ళయినా అలానే కనిపిస్తాయి. పైగా వాళ్ళ బస్తీ నీళ్ళు కూడా అంతంతమాత్రమే.

“ఎండలో తిరిగావు, రెండు రోజులు ఇంటి దగ్గరుండు,” అన్నాను.

“పంద్రాగస్టుకు మీకు శాలువా కప్పుతరట గదా అమ్మా. నేను రావొద్దా?”

“రా,” అన్నాను. ఇంకేం అనాలి?

ఆగస్టు 15

శాలువా కప్పారు. ఒక మెమెంటో ఇచ్చారు, దాని మీద నా పేరు తప్పుగా రాశారు. రబియా రాలేదు.

ఆగస్టు 16

పొద్దున ఇస్హాక్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. “అమ్మా, రబియా రాత్రినుంచి ఏదేదో మాట్లాడుతున్నది. కండ్లు పచ్చ పసుపైనయ్. దవాఖానకు తెచ్చినం. మీరొస్తె జర ధైర్యం ఉంటది.”

వెళ్ళాను. ఆటో దిగి గేటు దగ్గర అయిదు నిమిషాలు నిలబడ్డాను. అయిదు నిమిషాలు. అరగంట నిలబడాల్సింది.

ఆడవాళ్ళ వార్డులో చివరి మంచం. డ్యూటీలో ఉన్న లేడీ డాక్టరు చిన్నపిల్ల, మా వాడికంటే నాలుగేళ్ళు పెద్దదేమో. నా మెళ్ళో ఐడీ కార్డు చూసి పక్కకి పిలిచింది.

“మేడమ్, మీరు హెల్త్ డిపార్టుమెంటేగా. ఏడో నెలలో ఈ కామెర్లు ఎంత ప్రమాదమో ఈమెకెవరూ చెప్పలేదా?”

“చెప్పే ఉంటారు,” అన్నాను.

ఆగస్టు 18

రబియాకి స్పృహ వస్తోంది, పోతోంది. వచ్చినప్పుడు మనుషుల్ని పోల్చుకోవడం లేదు. కానీ ఇవాళ నా గొంతు వినగానే లేచి కూర్చోబోయింది. ఇస్హాక్ భుజాలు పట్టుకున్నాడు.

“అందరికి నమస్తే. జర ఇటు చూడుండ్రి,” అని మొదలుపెట్టింది.

మొత్తం చెప్పింది. పక్క మంచాలవాళ్ళు లేచి చూస్తున్నారు. చేతులు సబ్బుతో కడుక్కోవాలె. బయట కోసిన పండ్లు తినొద్దు. బిందెడు నీళ్ళల్ల చుక్కలు వెయ్యాలె. గొట్టంల పసుపు రావాలె. పసుపొస్తె ఫికర్ లేదు. ఎక్కడా తడబడలేదు. చివరికి సెలైన్ ఎక్కుతున్న చేతినే పైకెత్తింది, గ్లాసు పట్టుకున్నట్టు వేళ్ళు గుండ్రంగా పెట్టి.

“చూడుండ్రి, నేను తాగుతున్న. నాకేమైతది?”

లేని గ్లాసు తాగి, బోర్లించి చూపించింది.

నేను చెప్పినవన్నీ వరసగా చెప్పింది. నేను చెప్పనిది చెప్పలేదు. ఎవరైనా చెప్తే కదా.

ఆగస్టు 20

బిడ్డ కదలడం లేదన్నారు.

ఆగస్టు 21

కళ్ళు తెల్లగానే ఉన్నాయి. ఎందుకు తెల్లగా ఉన్నాయి?

ఆగస్టు 22, సోమవారం

తెల్లవారుజామున పోయింది.

ఆగస్టు 24

రాయకూడదనుకున్నాను. రాయకపోతే పిచ్చెక్కేట్టుంది.

హాస్టళ్ళలో గర్భిణులెవరున్నారండీ అన్నారు డాక్టరు గారు. నేనూ నిజమే అనుకున్నాను. అమీర్‌పేట హాస్టళ్ళన్నిట్లో కలిపి ఒకే ఒక్క గర్భిణి ఉంది. ఆమెని రోజుకి మూడు హాస్టళ్ళకి నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. చేతికి గ్లాసు నేనే ఇచ్చాను. నాకు తెలిసీ ఇచ్చాను.

గొంతు మంట కాదు. జూలై ఆరున రిపోర్టు చదివాను, ఏడున గొంతు మంట వచ్చింది. భయపడ్డాను. నాకు భయం వేసి ఆ పిల్ల చేత తాగించాను. నా కొడుక్కి నేను కావాలనుకున్నాను. ఇస్హాక్‌కి రబియా అక్కర్లేదా? కడుపులో ఉన్న దానికి తల్లి అక్కర్లేదా? ఆడపిల్లట.

ఇస్హాక్‌కి చెప్పేయాలి. కాళ్ళు పట్టుకునైనా చెప్పేయాలి.

ఆగస్టు 26

నలభయ్యో రోజు దాకా వాళ్ళింట్లో జనం వస్తూనే ఉంటారట. అందరి మధ్యా ఎలా చెప్పను? కాస్త సద్దుమణిగాక చెప్తాను.

సెప్టెంబర్ 4, ఆదివారం

భార్గవ్ పరీక్ష రాయడానికి వెళ్ళాడు. నేనొక్కదాన్నే ఉన్నాను. తలుపు కొడితే తీశాను. ఇస్హాక్.

మనిషి సగమయ్యాడు. కుర్చీలో కూర్చోమంటే అంచున కూర్చున్నాడు. చేతిలో మా ఆఫీసు గుడ్డసంచీ. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. చుక్కల సీసా, గాజు గొట్టం, ఫ్లిప్‌చార్టు, మిగిలిన కరపత్రాలు. చివర్న గుడ్డలో చుట్టిన గ్లాసు.

“ఇది ఆమె సామాన్లల్ల ఉండె అమ్మా. మీ పేరుంది గదా దీని మీద. హోష్ల, తెలివిల ఉన్నప్పుడు ఒకసారి అన్నది, అమ్మ గ్లాస్ నా దగ్గర్నే ఉండిపోయింది, అది లేకుంటె మీటింగ్ నడ్వదు, ఇచ్చి రా అని.”

గ్లాసు తళతళా తోమి ఉంది. ఎవరు తోమారో అడగలేకపోయాను. మంచినీళ్ళు ఇవ్వనా అనబోయి ఆగిపోయాను. మజ్జిగ తెచ్చిచ్చాను. తాగలేదు, చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

చెప్పేయాలి అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. అంతలో అతనే అన్నాడు.

“ఒక్క మాట అడుగుత, తప్పుగ అనుకోకుండ్రి. మా అమ్మ రోజు లొల్లి చేసేది. ఉత్త మనిషివి కావు, ఊరి నీళ్ళన్ని ఎందుకు తాగుతున్నవ్ అని. రబియా ఏమనేది ఎరికేనా? నేనొక్కదాన్నే తాగుతలేను, నాకంటె ముందు అమ్మ తాగుతది, ఆమెకు ఏమన్న అయిందా అనేది. గందుకే నేను సుత ఊకున్న.”

నేను గ్లాసుని మళ్ళీ గుడ్డలో చుట్టాను.

జూలై ఏడునుంచి నేను తాగడం లేదని రబియాకి తెలుసు. ఇంట్లో అడిగిన ప్రతిసారీ అమ్మ తాగుతది అనే చెప్పింది. నా పరువు కోసమో, తన పని పోకూడదనో నాకు తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు.

“మీరు సుత తాగిండ్రు గదా అమ్మా?” అన్నాడు ఇస్హాక్. కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. “ఇద్దరు అవ్వే నీళ్ళు తాగిండ్రు. మీకేం కాలే, ఆమెకే ఎందుకైంది? అదొక్కటే తెల్వక నిద్ర పడ్తలేదు నాకు.”

“తాగాను బాబూ,” అన్నాను. “రోజూ తాగాను.”

తల ఊపాడు. “అయితె మా నసీబే, గట్ల రాసిపెట్టుంది,” అన్నాడు. మొహంలో ఏదో ముడి విడినట్టయింది. గ్లాసుడు మజ్జిగా ఒక్క గుక్కలో తాగాడు. లేచి, నా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు.

అబద్ధం కాదు. జూన్ ఇరవై ఏడునుంచి జూలై ఆరు దాకా తాగాను. పది రోజులు.

ఎవరికి చెప్తున్నాను ఇది? ఈ పుస్తకంలో కూడానా? పది రోజులు తాగాను, తెలిశాక మానేశాను. తెలిశాక ఆమె చేత తాగించాను. ఇప్పుడు ఆమె మొగుడు నా చేతులు కళ్ళకద్దుకుని వెళ్ళాడు.

సెప్టెంబర్ 5, సోమవారం

శ్రీనగర్ కాలనీలో ఆడపిల్లల హాస్టళ్ళలో తొమ్మిది కేసులు. అక్కడా ఏదో తవ్వారట. శాంపిళ్ళు ఇవాళే పంపారు, రిపోర్టు రావడానికి వారం. రేపు తొమ్మిదింటికే మొదటి మీటింగు. కొత్త వలంటీరుని ఇచ్చారు. మంజూష. కాకినాడ పిల్ల, పెళ్ళై ఎనిమిది నెలలైందట. నేర్పిందంతా తిరిగి చెప్పించాను. బాగానే చెప్పింది. రబియా అంత బాగా కాదు.

“తాగేది ఎవరండీ, మీరా నేనా?” అని అడిగింది.

“నేనే,” అన్నాను.

గట్టిగా అన్నాను, డాక్టరు గారు తలెత్తి చూసేట్టు. అరగంటా ఆగుతాను. బ్యాచ్‌లు పోతే పోనీ. ఏడో లైను కరపత్రంలో నా చేత్తోనే రాస్తాను, రెండు వేలకీ రాస్తాను. మంజూషకి ఏమైనా విశేషమా అని కూడా అడగాలి. ఇవాళ అందరూ ఉన్నారని అడగలేదు. రేపు ఆటోలో అడుగుతాను.

గ్లాసు సంచీలో పెట్టుకున్నాను.

సెప్టెంబర్ 6

పొద్దున లేచేసరికి గొంతులో మంట. ఎలాగూ మంజూష ఉందిగా.